ఆడి నెలలో తీరిన గడువు

మా తాత బతికున్నన్నాళ్ళూ ఏడాదికోసారి ఆఫీసుకు వెళ్ళి, తాను బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇచ్చి వచ్చేవాడు. ఎదురుగా నిలబడి దగ్గుతున్నా సరే, కాగితం లేకపోతే పింఛను రాదు. ఇప్పుడు నా ఉద్యోగం దాదాపు అదే. మనుషుల బదులు వెబ్‌సైట్ల చేత ఇప్పిస్తుంటాను.

వెబ్‌సైటు అడ్రసు పక్కన చిన్న తాళం బొమ్మ ఉంటుంది. ఆ తాళం వెనక ఒక సెక్యూరిటీ సర్టిఫికెట్ ఉంటుంది. ఫలానా సైటు నిజంగా ఫలానావాళ్ళదే అని మూడో సంస్థ ఒకటి ఇచ్చే పూచీ అది. పూచీకి గడువుంటుంది. గడువు దాటిందంటే, నిన్నటిదాకా మర్యాదగా తలుపు తీసిన బ్రౌజరే వచ్చినవాళ్ళను గుమ్మంలో ఆపి, లోపల దొంగలుండొచ్చు, వెనక్కి పొమ్మంటుంది. సైటు లోపల ఏమీ మారి ఉండదు. కాగితం మారాలి, మారలేదు, అంతే. ఆ కాగితాలను వేళకు మార్చడమే నా పని. సరిగ్గా చేస్తే ఎవరికీ కనబడదు, ఒక్కసారి మరిచిపోతే ఊరంతటికీ కనబడుతుంది. పెళ్ళి పంక్తిలో నీళ్ళు పోసేవాడి బతుకు ఇంతకన్నా మెరుగు. అతన్ని కనీసం ఒకరిద్దరు పిలుస్తారు.

మా ఆఫీసు తిరుపతి బస్టాండుకు దగ్గర్లో, ఒక పరోటా కొట్టు పైన మిద్దె గది. పైన కంప్యూటర్లకూ కింద పెనానికీ వేడిలో పెద్ద తేడా ఉండేది కాదు. లాడ్జీలు, ట్రావెల్సు, రెండు మూడు కల్యాణ మండపాలు, చంద్రగిరి దారిలో ఒక పూలమొక్కల నర్సరీ మాకు క్లయింట్లు. "ఎముక విరిగితే పుత్తూరు పోండి, సైటు విరిగితే మా మిద్దెక్కండి" అని నేనొక ప్రకటన రాశాను. బోర్డు మీద రాయించడానికి నా భాగస్వామి ఒప్పుకోలేదు.

"మనల్ని కట్లు కట్టేవాళ్ళనుకుంటారు మచ్చా," అన్నాడు.

వాడూ నేనూ ఇంజనీరింగులో ఒకే బెంచీ. వ్యాపారంలో వాడిది మాట, నాది పని. క్లయింటు ముందు కూర్చుని వాడు తలూపాడంటే, ఎదుటివాడు ఏదో ఒప్పుకున్నానని తనే అనుకునేవాడు. పరీక్షల రోజుల్లో వాడు చిత్తూరులో మా ఇంట్లోనే ఉండి చదివాడు. చదివాడంటే, నేను చదివి చెబుతుంటే విన్నాడు. మా అమ్మ వాడికి వడ్డించాకే నాకు వడ్డించేది. అడిగితే, "వాడు సిగ్గుపడతాడు, నువ్వు అడిగి పెట్టించుకుంటావు," అనేది. వాడు సిగ్గుపడటం నేను ఇప్పటిదాకా చూడలేదు.

మా క్లయింట్లలో అందరికన్నా పెద్దది చిత్తూరు శివార్లలో ఉన్న మామిడి పల్ప్ ఫ్యాక్టరీ. సీజన్ వచ్చిందంటే తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడి ఉంటాయి. మా నాయన ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో చాలా ఏళ్ళుగా గుమాస్తా. ఉత్తరాలు రాసేది, ఫోనెత్తేది, ఓనరు కోపాన్ని మొదట అందుకునేది ఆయనే. ఓనరు వెబ్‌సైటు కావాలన్నప్పుడు నాయన మా సంగతి చెప్పాడు. ఆయన ఎవరినీ ఎవరికీ సిఫారసు చేసే మనిషి కాదు. ఆ ఒక్కసారి చేసి, ఇంటికొచ్చి నాతో అన్నాడు.

"పని సరిగ్గా జెయ్. నేను దినామూ ఆయన మొగం సూడాల."

అందుకని మా చేతిలో ఉన్న సైట్లన్నిటిలోకీ అది పోకూడని సైటు. లాడ్జీ సైటు పోతే ఒక లాడ్జీ పోతుంది. ఇది పోతే, మర్నాడు పొద్దున నాయన ఆ గేటు దాటి ఏ మొహం పెట్టుకుని లోపలికి పోతాడన్నది ప్రశ్న. నేను మిగతా గడువులన్నీ కంప్యూటర్‌కి వదిలేసి, ఆ ఒక్కదాన్నీ తలలో పెట్టుకున్నాను.

పైగా అది కంప్యూటర్‌కి వదిలేసే రకం కాదు. మామూలు సైట్లకు ఉచితంగా దొరికే సర్టిఫికెట్లుంటాయి, యంత్రమే వేళకు తిరగరాసుకుంటుంది. ఈ ఫ్యాక్టరీ దగ్గర సరుకు కొనే విదేశీ కంపెనీ ఒకటి, సంస్థ వివరాలు కూడా విచారించి ఇచ్చే సర్టిఫికెట్టే కావాలని పట్టుబట్టింది. దానికి పద్ధతి వేరు. పూచీ ఇచ్చే సంస్థ నుంచి ఒకరు ఫ్యాక్టరీ ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేస్తారు. ఈ కంపెనీ ఉందా, సర్టిఫికెట్ అడిగిన మనిషి మీకు తెలుసా, మీ తరఫున అడిగే హక్కు అతనికి ఉందా అని అడుగుతారు. ఇటువైపు నుంచి ఎవరో ఒకరు ఔననాలి. అంత లెక్కా శాస్త్రమూ చివరికి వచ్చి, ఒక మనిషి ఫోనెత్తి "ఆ, తెలుసు" అనడం మీద ఆగుతుంది. మొదటిసారి ఓనరే ఎత్తాడు. కంపెనీ ఉందా అని అడిగితే, "లేకపోతే ఈ ఫోను ఎవురు ఎత్తినారమ్మా?" అన్నాడంట. ఆ జవాబును కూడా వాళ్ళు ఔను కిందే రాసుకున్నారు.

ఆ ఏడాది గడువు ఆడి నెలలో పడింది.

మా చిత్తూరు వైపు చాలా ఇళ్ళలో తెలుగు పంచాంగంతో పాటు తమిళ పంచాంగమూ నడుస్తుంది. ఆషాఢమూ పట్టింపే, ఆడీ పట్టింపే. ఏది నడుస్తున్నా కొత్త పని పెట్టుకోరు. పెళ్ళి లేదు, గృహప్రవేశం లేదు, కొట్టు తెరవడం లేదు. ఆడి పోయి ఆవణి పుట్టాకే ఏదైనా. ఆషాఢమూ ఆడీ రెండూ కలిసి నడిచే రోజుల్లోకే మా గడువు సరిగ్గా వచ్చి కూర్చుంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు పాపం ఏ పంచాంగమూ లేదు.

ఈ సంగతి ముందే ఊహించి నేను ఆడి పుట్టకముందే ఫ్యాక్టరీకి పోయాను. సీజన్ జోరు మీద ఉంది. ఓనరు కాయల మధ్య నిలబడి, "కాయి కుళ్ళిపోతా ఉంటే సర్టిఫికెట్ అంటావేందప్పా, కొంచిం తాళు," అన్నాడు. తాళాను. ఆడి పుట్టిన మర్నాడు నా భాగస్వామిని కూడా వెంటబెట్టుకుని మళ్ళీ పోయాను. ఓనరు ఈసారి కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, అసలు ప్రశ్న అడిగాడు.

"ఇది కొత్తదా, పాతదా?"

"పాతదే సామీ. పొడిగింపు. డ్రైవింగ్ లైసెన్సు రెన్యూవల్ జేయించుకోమా, ఆ మాదిరి."

"పాతదైతే దోషం లేదులే."

"ఏ దోషమూ లేదు. ఆడి నెల అని మనం కరెంటు బిల్లు కట్టకుండా ఉంటామా?"

ఓనరు నవ్వి, సరే కానీయమన్నాడు. నా భాగస్వామి మాత్రం గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఆకలేమో అనుకున్నాను.

రెండ్రోజులకు ఓనరు ఫోన్ చేశాడు. "వద్దప్పా. అది కొత్తదేనంట గదా. పాతది దానంతట అది పోనీ. ఆవణిలో మంచిరోజు సూసి కొత్తది పెడదాం."

"ఎవురు సెప్పినారు సామీ?"

"తెలిసినోళ్ళే."

నిజానికి ఆ తెలిసినోళ్ళు చెప్పిందాంట్లో తప్పు లేదు. రెన్యూవల్ అనేది మర్యాదకు వాడే మాట. పాత సర్టిఫికెట్‌ను ఎవరూ పొడిగించరు. దాన్ని దాని చావుకు వదిలేసి, కొత్త నంబరుతో, కొత్త తాళంచెవితో వేరేది పుట్టిస్తారు. ఈ సంగతి తెలిసినవాళ్ళు జిల్లాలో ఎంతమంది ఉన్నారో గానీ, పరోటా కొట్టు పైన మిద్దె గదిలో మాత్రం ఇద్దరున్నారు. ఆ రెండోవాడికి చెప్పింది నేనే. ఇంత చిన్న కూడిక నాకు ఆ రోజే తేలాల్సింది. తేలలేదు. ఒకే కంచంలో తిన్నవాడి మీదకు లెక్క పోదు.

నేను వేరే దారి ఆలోచించాను. ఆవణి దాకా ఒక ఉచిత సర్టిఫికెట్ తగిలిస్తే సరిపోతుంది. దానికి ఎవరి ఫోనూ అక్కర్లేదు, ఎవరి ఔనూ అక్కర్లేదు. పెద్ద తాళం వచ్చేదాకా చిన్న గొళ్ళెం. అయితే ఆ సైటు ఉన్న సర్వర్ ఖాతాను మొదట్లో తెరిచింది నా భాగస్వామి. లోపలికి పోవాలంటే ఓటీపీ వాడి ఫోనుకు వస్తుంది.

"నేను పెడతాలే మచ్చా," అన్నాడు వాడు. "నువ్వు ఆ లాడ్జీ పని సూసుకో. ఇది నాకు వదిలెయ్."

వదిలేశాను.

గడువు తీరిన రోజు పొద్దున ఇడ్లీ తింటుండగా ఓనరు ఫోన్. ఆయన ఫోను తెలుగులో పెట్టి ఉంటుంది కాబట్టి బ్రౌజరు ఎర్రగా చూపించే హెచ్చరిక కూడా తెలుగులోనే వచ్చింది. అదే ప్రాణం మీదికి తెచ్చింది.

"ఏమప్పా, నా పల్పు సేఫ్ గాదని రాసినారెవురో."

"అది పల్పు గురించి కాదు సామీ. సైటు గురించి."

"మరి దాడి జేసేవాళ్ళు అని ఉండాదే? యాడ దాడి?"

"దాడి లేదు సామీ. జరగొచ్చు అని చెబుతా ఉండాది."

"గేటు కాడ ఇంకొక వాచ్‌మన్‌ని పెట్టినాను."

"ఆ దొంగలు గేటులోనించి రారు సామీ."

"మరి యాడనించి వస్తారు?"

చెప్పడానికి ప్రయత్నించాను. కాసేపటికి వెనక ప్రహరీ దగ్గర కూడా ఒకణ్ణి నిలబెట్టించాడని తర్వాత తెలిసింది. ఆయన్ని చూసి నవ్వడానికి లేదు. సరుకు కొనే విదేశీ కంపెనీవాళ్ళు అదే ఎర్ర పేజీ చూసి, మీ సైటుకేమైంది అని అప్పటికే అడిగారు. నాకు ఆ పేజీలో కనబడింది మాత్రం నాయన కుర్చీ.

నా భాగస్వామికి ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తాడు.

"పెండ్లిలో ఉండా మచ్చా. తిరుత్తణి. ఈడ సిగ్నలే లేదు, ఓటీపీ రాదు."

"ఎవరి పెండ్లి?"

"మా అత్తోళ్ళ తట్టు."

"భోంచేసినావా?"

"ఇప్పుడే ఆకులేస్తా ఉండారు."

"సరే, పాయసం వదలొద్దు," అని పెట్టేశాను. ఇడ్లీ అందుకోబోయి ఆగాను. సిగ్నల్ లేని ఊరి నుంచి వాడి గొంతు గంట కొట్టినట్టు వినబడింది. సరే, అది వదిలేద్దాం. ఆడి నెలలో పెళ్ళి? వాళ్ళింట్లో ఆడి నెలలో బీరువా కూడా పక్కకు జరపరు. ఆ నెలలో పెళ్ళంటే ఇంట్లోంచి లేచిపోయినవాళ్ళ పెళ్ళి అయ్యుండాలి, దానికి ఎవరూ ఆకులేయరు. కావడి ఎత్తుకుని తిరుత్తణి పోయినానని చెప్పి ఉంటే మారుమాట లేకుండా నమ్మేవాణ్ణి. ఆడి కృత్తికకు మా జిల్లాలో సగం మంది అక్కడి సుబ్రహ్మణ్యస్వామి కొండ మీదే ఉంటారు. వాడు పెళ్ళి అన్నాడు. అబద్ధమాడటానికి కూడా మంచి నెల చూసుకోలేదు.

ఆ ఇడ్లీ అక్కడే వదిలి చిత్తూరు బస్సెక్కాను.

ఫ్యాక్టరీ ఆఫీసులో ముందు గదిలో నాయన తన బల్ల దగ్గర ఉన్నాడు. తల ఎత్తలేదు. ఆఫీసులో నన్ను కొడుకులాగా చూడటం ఆయనకు అలవాటు లేదు కాబట్టి నేనూ పట్టించుకోకుండా లోపలికి పోయాను. ఓనరు కోపంగా లేడు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

"నీకు సెప్పలేదా?" అన్నాడు ఆశ్చర్యంగా. "మీవాడు బెంగళూరు కంపెనీలో చేరినాడు గదా. ఆవణి నించి మా సైటంతా ఆ కంపెనీనే సూస్తాదంట. అది కొత్తదని సెప్పింది గూడా మీవాడే. ఇద్దురూ మాట్లాడుకొనే సెప్పినారనుకున్న్యా."

"పాతది పోతే పేజీ ఎర్రగా వస్తాదని వాడు సెప్పలేదా సామీ?"

"లేదే. నువ్వు సెప్పినావా?"

"చాలా తూర్లు సెప్పినాను. గడువు దాటితే సైటు మొగాన కుంకుమ పోస్తారు అని అన్నాను గదా."

"కుంకుమంటే మంచిదే గదా అనుకున్న్యా," అన్నాడు ఓనరు.

నేను లేచాను.

"నువ్వు మంచోడివే అప్పా," అన్నాడు ఆయన, తలుపు దాకా వస్తూ. "పని గూడా మంచిదే. అయితే ఇంత కష్టమొచ్చినప్పుడు ఆ ఓటీపీ నీ దగ్గిర లేదు. మీవాడికి నేను ఫోన్ జేసినాను. సాయంత్రానికి ఎర్రది తీసేస్తానన్నాడు."

తీసేశాడు. నేను బస్సులో తిరుపతి చేరేలోగా ఆ పేజీ మామూలుగా తెరుచుకుంది. నేను అడిగిన చిన్న గొళ్ళెమే తగిలించాడు. తిరుత్తణిలో సిగ్నల్ బాగుపడినట్టుంది.

నాలుగైదు రోజుల తర్వాత వాడు తన కుర్చీ కోసం మిద్దెక్కాడు. వాడు సొంతంగా కొనుక్కున్న తిరిగే కుర్చీ అది. నేను పని ఆపకుండానే అడిగాను.

"పెండ్లి ఎట్ల జరిగింది?"

"అదొక్కటీ ఊరికే సెప్పినాలే మచ్చా."

"పెండ్లికూతురు బాగుండాదా?"

"ఎగతాళి జేయొద్దు. ఆ పెండ్లి తప్ప నేను ఇంకొక అబద్ధం ఆడలేదు. కొత్తదా పాతదా అని ఆయన అడిగినాడు. కొత్తదే గదా. నువ్వే గదా నాకు సెప్పింది."

"నేను సెప్పింది నీకు."

"నిజం ఎవురికి సెప్పినా నిజమే."

"ఎర్రగా వస్తాదన్న నిజమో?"

"అది ఆయన అడగలేదు."

వాడు కిటికీ దగ్గర నిలబడి కింద పరోటా కొట్టే చప్పుడు వింటున్నాడు. "ఎన్నేండ్లని ఈ పెనం మింద కూర్చుంటాం? ఆ కంపెనీవాళ్ళు, చేరేటప్పుడు పెద్ద క్లయింటును తెమ్మన్నారు. మనకుండే పెద్దది అదొక్కటే. నిన్ను గూడా పిలుద్దామనే అనుకున్నా."

"ఎప్పుడు?"

"ఆవణిలో."

నేను నవ్వాను. వాడు కూడా నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. కుర్చీ ఎత్తుకుని దిగుతుంటే మెట్ల మలుపులో ఇరుక్కుంది. అటు పోదు, ఇటు రాదు. కింద పరోటా మాస్టరు తలెత్తి చూస్తున్నాడు. నేను పోయి ఒక కాలు పట్టుకుని పక్కకు తిప్పి దించాను. వెన్నుపోటు పొడిచినవాడికి ఆ కత్తి మోసుకుపోవడంలో సాయం చేసినట్టుందని ఒక మాట నోటిదాకా వచ్చింది. కుర్చీ బరువుగా ఉంది, ఊపిరి చాలక మింగేశాను.

ఆవణి పుట్టింది. మంచిరోజున ఓనరు గదిలో ల్యాప్‌టాప్‌ను పీట మీద పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి కొత్త సర్టిఫికెట్ ఎక్కించారని అమ్మ ఫోన్లో చెప్పింది. నేను సైటు తెరిచి ఎక్కడైనా పొరపాటు దొరుకుతుందేమో అని వెదికాను. చాలా శుభ్రంగా చేశాడు. నేను నేర్పినట్టే.

ఒక్కటి మాత్రం ఇంకా నా దగ్గర మిగిలింది. సైటు చిరునామా, అంటే డొమైన్, నా ఖాతాలోనే ఉంది. దాన్ని కొత్త కంపెనీకి బదిలీ చేయడానికి నా అనుమతి కోరుతూ మెయిలొచ్చింది. నేను దాన్ని తెరవలేదు. నాకు దాంతో పనేమీ లేదు. వాళ్ళకుంది, అది చాలు. ఓనరు ఏదో ఒకరోజు నన్ను పిలిచి, కూర్చోబెట్టి, మొదటి నుంచీ ఏం జరిగిందో అడుగుతాడనీ, అప్పుడు నాయన సిఫారసు మళ్ళీ నిలబడుతుందనీ నా ఆలోచన. ఇది కాస్త నాటకంలాగా ఉందని నాకూ తెలుసు.

ఆ ఆదివారం చిత్తూరు పోయాను. సాయంత్రం నాయన వసారాలో నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన అలా కూర్చున్నాడంటే మాట ఉందని అర్థం.

"అదేదో మెయిలు వచ్చిందంట గదా."

"వచ్చింది."

"ఇచ్చెయ్‌రా. రేపు పొద్దున ఆయన నన్ను అడుగుతాడు."

"అడగనీ నాయనా. వాళ్ళకు మాత్రం అంత సులువుగా అన్నీ ఎట్ల వస్తాయి? అసలు ఆ సర్టిఫికెట్‌కు ఔనని ఫోన్లో ఎవురు సెప్పినారో వాళ్ళనే అడగమను."

నాయన చేతులు చూసుకుంటూ ఉన్నాడు.

"నేనే ఎత్తినాను," అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆఫీసులో ఫోనెత్తేది ఆయనే కదా, దాంట్లో వింతేముంది అన్నట్టు తలూపాను కూడా. తర్వాత అడిగాను.

"ఎప్పుడు?"

"ఆడి పుట్టినంక. నువ్వొచ్చి ఆయనతో మాట్లాడిపోయిన ఆ వారమే."

"అంటే సైటు పోకముందే."

"ఊఁ."

"ఆడి నెలలో ఎట్ల ఒప్పుకున్నాడు ఆయన?"

"మాటలే గదా, మాటలకి ఆడి లేదన్నాడు. పని ఆవణిలో జేస్తారంట."

ఆడిలో ఆ వారం చివర్లోనే నేను ఇంటికి వచ్చాను. అదే వసారాలో ఆయన పక్కన కూర్చుని, గడువు దగ్గరికొస్తోంది, ఏదో ఒకటి చేస్తాను, నువ్వేం దిగులు పడొద్దు అని ఆయనకు ధైర్యం చెప్పాను. ఆయన విన్నాడు. ఊఁ కొట్టాడు. అన్నంలో ఇంకొంచెం రసం పోయమని అమ్మను అడిగాడు.

"ఆ ఫోన్లో ఏమడిగినారు?"

"ఒక ఆడపిల్ల అడిగింది. అరవంలో. ఈయప్ప మీకు తెలుసా, మీ తరఫున అడగొచ్చునా అని."

"నువ్వేమన్నావు?"

"తెలుసునన్నాను. మా ఇంట్లో తిని పెరిగిన పిల్లోడు, నమ్మచ్చు అన్నాను. అరవంలోనే."

లోపల అమ్మ గిన్నెలు సర్దడం ఆపింది.

"ఓనరు సెప్పమన్నాడు, సెప్పినాను," అన్నాడు నాయన. "ఆడ నా పని అదే."

"నాకు ఒక మాట సెప్పుండొచ్చు గదా నాయనా."

ఆయన గొంతులో కోపం లేదు.

"సెబితే నువ్వు దాని మింద ఒక జోకేస్తావు. అది నలుగురి దగ్గిరా సెబుతావు. ఆయన చెవిలో పడతాది. నువ్వు నవ్వేసి తిరుపతి బస్సెక్కుతావు. నేను పొద్దునకి పోయి ఆడనే కూర్చోవాల."

నా భాగస్వామి గురించి నా దగ్గర చాలా మాటలు తయారుగా ఉండేవి. పెళ్ళి, పాయసం, కుర్చీ, అన్నీ. చెప్పిన ప్రతిసారీ వాటికి కొంచెం పదును పెట్టుకుంటూ వచ్చాను. దీనికి మాత్రం ఒక్కటీ లేదు. వాడు నన్ను మోసం చేశాడని ఊళ్ళో ఎవరికైనా చెప్పగలను. ఫోనెత్తి, నన్ను కాకుండా వాడిని నమ్మొచ్చని చెప్పిన మనిషి గురించి ఎవరికి చెప్పాలి? ఆ మనిషి కోసమేనని ఆ గడువును తలలో పెట్టుకు తిరిగాను. ఆయన మటుకు గేటు దాటే ఏర్పాటు తనంతట తనే చేసుకున్నాడు. నాకొక్కడికే తెలియలేదు.

ల్యాప్‌టాప్ తెచ్చి మెయిలు తెరిచాను. మీరు ఈ బదిలీకి అనుమతిస్తున్నారా అని రెండు బొత్తాలు. నాయన కళ్ళజోడు పెట్టుకుని పక్కకు వంగాడు.

"యాడ నొక్కాల?"

"ఈడ."

నొక్కాను. అయిపోయిందని ఒక లైను వచ్చింది, దాని కింద మరేమీ లేదు.

"అయిందా?"

"అయింది."

నాయన లేచి, చొక్కా సర్దుకుని, ఓనరుకు ఫోన్ కలిపాడు. ఆయనతో ఎప్పుడు మాట్లాడినా నిలబడే మాట్లాడతాడు, ఇంట్లో ఉన్నా సరే. వసారా చివరికి పోయి నాకు వీపు పెట్టి నిలుచున్నాడు.

"ఇచ్చేసినాడు సామీ. ఇప్పుడే, నా ఎదురుగానే." కాసేపు విన్నాడు. "లేదు సామీ, బాధేం పళ్ళేదు. మీకు తెలుసు గదా వాడి సంగతి. నవ్వుతానే ఇచ్చినాడు."

నేను ల్యాప్‌టాప్ మూసి, ఆయన ఇటు తిరగకముందే లేచి లోపలికి పోయాను.